లైబ్రరీ కూల్చి లైబ్రరీ కడతారట

ఎక్కడైనా ఒక ఊళ్ళో మునిసిపాలిటీ వాళ్ళు "పాత గ్రంథాలయం తీసేసి ఆ స్థలంలో అత్యాధునిక భవనం కడతాం, అందులోనే గ్రంథాలయం కూడా ఉంటుంది" అని ప్రకటిస్తే, వెంటనే కొంతమంది వద్దని అడ్డం పడతారు. ఆ వార్త చూసి మన ఐటీ జనాల్లో సగం మంది అనే మాట ఒకటే. "అసలు ఇప్పుడు లైబ్రరీకి పోయేదెవడు బాస్? అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా. కొత్త బిల్డింగ్ కడతామంటే కూడా ఏడుపేనా?"

ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇది తెలివైన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, అడిగేవాళ్ళు లైబ్రరీ గుమ్మం లోపల ఏం జరుగుతోందో చూడకుండా అడుగుతున్నారని నా అభిప్రాయం.

మాది మెదక్. బయటివాళ్ళకి మెదక్ అంటే చర్చి, లేకపోతే ఖిల్లా. చదువుకునే కుర్రాళ్ళకి మాత్రం ఏ ఊళ్ళోనైనా ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంటుంది: పగలంతా కూర్చోడానికి ఒక కుర్చీ ఎక్కడ దొరుకుతుంది? డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదువుతున్నవాడి ఇంట్లో రెండు గదులుంటే ఒకదాంట్లో టీవీ, ఇంకోదాంట్లో చెల్లెలి పిల్లలు. వాడికి కావలసింది పుస్తకం కాదు, పుస్తకం వాడి సంచిలోనే ఉంది. కావలసింది ఫ్యాను, లైటు, బల్ల, బాత్రూమ్, ఇంకా "ఎంతసేపు కూర్చుంటావ్ రా" అని అడగని చోటు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఒక్కసారి వెళ్ళి చూడండి. లోపల కుర్చీలు చాలక మెట్ల మీద, చెట్ల కింద కూర్చుని చదివేవాళ్ళు కనిపిస్తారు. దాని చుట్టుపక్కల అశోక్‌నగర్ వైపు ప్రైవేటు స్టడీ హాళ్ళు పుట్టగొడుగుల్లా వచ్చాయి. నెలకింత అని కట్టి కుర్చీ తీసుకోవాలి. లైబ్రరీకి ఎవరూ రావట్లేదు అనేది నిజమైతే, ఆ కుర్చీకి డబ్బిచ్చి మరీ కూర్చునేవాళ్ళు ఎక్కడినుంచి వచ్చినట్టు?

అంటే లైబ్రరీ మూతపడినప్పుడు నష్టపోయేవాడు పుస్తకప్రియుడు కాదు. పుస్తకప్రియుడు ఆన్‌లైన్లో తెప్పించుకుంటాడు. ఆ నెలకింత ఇచ్చుకోలేనివాడు నష్టపోతాడు. ఇంకా పొద్దున్నే వచ్చి నాలుగు పేపర్లూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే రిటైరైన మాస్టార్లు. "ఇంట్ల కూసుంటె కోడలికి అడ్డం, ఈడ గాలి మంచిగొస్తది" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. గ్రంథాలయాల మీద నేను చదివిన వ్యాసాలన్నిటికన్నా ఆ మాట నయం :)

సరే, విషయానికొస్తా. కొత్త భవనం ఇస్తామంటే జనం ఎందుకు నమ్మరు?

నమ్మి ఏమైందో చూద్దాం. న్యూయార్క్‌లో 53వ వీధిలో డానెల్ లైబ్రరీ అని ఒకటుండేది. 1955లో కట్టింది, 97 వేల చదరపు అడుగులు. 2007లో దాన్ని 5.9 కోట్ల డాలర్లకు అమ్మారు. అమ్మినవాళ్ళు ఎవరో కాదు, ఆ నగర గ్రంథాలయ సంస్థే. ఒప్పందం ఏమిటంటే పాతది కూల్చి పెద్ద హోటల్ కడతారు, అందులోనే కొత్త లైబ్రరీకి చోటిస్తారు. 2008లో మూశారు. కొత్తది ఎప్పుడు తెరిచారో తెలుసా? 2016లో. అదీ 28 వేల చదరపు అడుగుల్లో, ఎక్కువ భాగం నేల కింద. ఆ పైన లేచిన భవనంలో పెంట్‌హౌస్ ఒక్కదానికే 6 కోట్ల డాలర్ల ధర పెట్టారని అప్పట్లో వార్తలొచ్చాయి. మొత్తం లైబ్రరీ అమ్మితే వచ్చినదానికన్నా ఎక్కువ! ఎనిమిదేళ్ళు అంటే ఒకటో తరగతి పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేస్తుంది. ఆ మధ్యలో ఆ పిల్లకు ఆ లైబ్రరీ లేదు, అంతే.

అది అమెరికా, అక్కడ భూమి ధర వేరు అంటారేమో. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ ఇంకో రకంగా చేసింది. వాళ్ళు నిజంగానే గొప్పగా కట్టారు. 2013లో దాదాపు 18.9 కోట్ల పౌండ్లతో కట్టిన కొత్త లైబ్రరీని మలాలా చేత ప్రారంభింపజేశారు. ఆ తర్వాత పాత సెంట్రల్ లైబ్రరీని కూల్చేశారు. కొత్తది తెరిచి రెండేళ్ళయినా కాకముందే, 2015లో, నడపడానికి డబ్బుల్లేవని వారానికి 73 గంటలు తెరిచి ఉండేదాన్ని 40 గంటలకు కుదించారు, సిబ్బందిలోనూ కోత పెట్టారు. భవనం అద్భుతమే, తలుపులే మూసి ఉంటాయి.

ఇది మనకి బాగా తెలిసిన జబ్బే కదా. ప్రాజెక్టు కట్టడానికి బడ్జెట్ ఉంటుంది, సపోర్టుకి ఉండదు. శిలాఫలకం మీద పేరు చెక్కించుకోడానికి అందరూ ముందుకొస్తారు. కరెంటు బిల్లు మీద పేరు ఉండదు మరి!

మనకి దగ్గర్లోది చెప్పమంటే చెన్నై. కొట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం చెన్నైలో పనిచేసిన మిత్రులందరికీ తెలిసే ఉంటుంది. 2010 సెప్టెంబరులో తెరిచారు. ఎనిమిది అంతస్తులు. బయటినుంచి సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోడానికి విడిగా ఒక విభాగం కూడా పెట్టారు (ఎవరో నిజంగా ఆలోచించి కట్టారన్నమాట). 2011లో ప్రభుత్వం మారింది. నవంబరులో కొత్త ప్రభుత్వం ఆ భవనాన్ని పిల్లల ఆసుపత్రిగా మారుస్తామని, లైబ్రరీని నుంగంబాక్కంలోని వేరే ప్రాంగణానికి తరలిస్తామని ప్రకటించింది. రచయితలు, విద్యార్థులు రోడ్డెక్కారు, కొందరు కోర్టుకెళ్ళారు, కొద్ది రోజుల్లోనే మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది. లైబ్రరీ మిగిలింది. తర్వాత కొన్నేళ్ళు నిర్వహణ సరిగా లేదని మళ్ళీ కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది, అది వేరే కథ.

చెన్నైలో ఒక సంగతి గమనించండి. లైబ్రరీ తీసి అక్కడ మద్యం దుకాణం పెడతామని ఎవరూ అనరు. పిల్లల ఆసుపత్రి అంటారు. "ఏం, పిల్లల ప్రాణాలకన్నా పుస్తకాలు ఎక్కువా?" అని అడగడానికి వీలుగా ఉంటుంది. ఇంకో ఊళ్ళో అదే మల్టీపర్పస్ భవనం, కింద దుకాణాలు, పైన లైబ్రరీ, "ఆదాయం కూడా వస్తుంది కదండీ" అంటారు. ఎప్పుడూ కాదనలేనిదాన్నే ఎదురుగా నిలబెడతారు. ఆసుపత్రి కావాలా వద్దా అనేది అక్కడ ప్రశ్నే కాదు. దాన్ని వేరే చోట ఎందుకు కట్టకూడదు అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు తేలిక. లైబ్రరీ ఉన్న స్థలం ఊరి నడిబొడ్డున ఉంటుంది, బస్టాండు దగ్గర ఉంటుంది, ఇంకా లైబ్రరీకి వచ్చేవాళ్ళకి ఓటుబ్యాంకు ఉండదు.

మా ఊరి లాంటి చోట్ల ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఉమ్మడి జిల్లాకి పేరు మెదక్‌ది, కలెక్టరు ఉండేది సంగారెడ్డిలో. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీశాక మెదక్ నిజంగా జిల్లా కేంద్రమయింది. 2022లో రైలు కూడా వచ్చింది. సంతోషమే. కానీ ఆఫీసులూ రైలూ వచ్చాక ఊరి మధ్యలో ఉన్న ప్రతి పాత ప్రభుత్వ స్థలమూ ఎవరో ఒకరికి "ఖాళీగా పడున్నట్టు" కనిపించడం మొదలవుతుంది.

లైబ్రరీ మా ప్రాంతానికి అలంకారంగా వచ్చిన వస్తువు కాదు. నిజాం కాలంలో సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి కావాలి, దానికి గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. తెలుగులో చదువు చెప్పే బడులే తక్కువ. ఆ రోజుల్లో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టారు. ఆ తర్వాత ఆంధ్రజనసంఘం ఊరూరా గ్రంథాలయాలు పెట్టించే పని చేసింది. ఆ పనంతా కూడగట్టుకుని 1930లో మొదటి నిజాంరాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. ఎక్కడో తెలుసా? మెదక్ జిల్లా జోగిపేటలో (ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో పడింది), సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన. అప్పుడు లైబ్రరీ పెట్టినవాళ్ళని ప్రభుత్వం అనుమానంగా చూసింది. ఇప్పుడు అనుమానం కూడా లేదు, అసలు చూడదు.

ఇంత చెప్పానని, ప్రతి పాత గోడకీ దండం పెట్టే బ్యాచ్‌లో నన్ను కలపకండి. వానొస్తే కారే పైకప్పు కింద చెదలు పట్టిన బీరువాలు పెట్టుకుని "మా వారసత్వం" అంటే నాకూ చిరాకే. చాలా ఊళ్ళలో లైబ్రరీలకి కొత్త భవనాలు కావాలి. ఆడపిల్లలకి సరైన బాత్రూమ్ లేని లైబ్రరీని కాపాడుకుని ఏం లాభం? కట్టండి, బాగా కట్టండి. నా పేచీ కట్టే పద్ధతితోనే.

సర్వర్ మార్చాలంటే మనం ఏం చేస్తాం? కొత్తది పక్కన నిలబెడతాం, డేటా ఎక్కిస్తాం, కొన్నాళ్ళు రెండూ నడుపుతాం, అప్పుడు పాతది ఆపుతాం. తేడా వస్తే వెనక్కి వెళ్ళే దారి ఉంచుకుంటాం. శుక్రవారం సాయంత్రం పాత సర్వర్ ప్లగ్గు పీకేసి "కొత్తది రెండేళ్ళలో వస్తుంది, అదిరిపోతుంది, అప్పటిదాకా సర్దుకోండి" అని క్లయింటుకి మెయిల్ కొడితే సోమవారం మన ఉద్యోగం ఉంటుందా? లైబ్రరీ విషయంలో మాత్రం ఇదే పద్ధతిని అభివృద్ధి అంటున్నారు, ప్లగ్గు పీకొద్దన్నవాణ్ణి అభివృద్ధి నిరోధకుడంటున్నారు.

కాబట్టి అడ్డం పడేవాళ్ళు "కూల్చొద్దు" అని మాత్రమే అరిస్తే సరిపోదు. పాతది మూసే రోజుకే తాత్కాలిక లైబ్రరీ ఎక్కడ, ఎన్ని కుర్చీలతో తెరుస్తారో అడగాలి. కొత్తదాంట్లో లైబ్రరీకి ఎన్ని చదరపు అడుగులో టెండరు పత్రంలోనే రాయమనాలి. కింది అంతస్తు దుకాణాలకిచ్చి లైబ్రరీని మూడో అంతస్తుకి ఎక్కిస్తే మోకాళ్ళ నొప్పుల మాస్టారు ఎక్కలేడు. అన్నిటికన్నా ముఖ్యం, తెరిచాక ఏటా నడపడానికి డబ్బు ఎక్కడిది?

ఈ చివరిదానికి జవాబు ఇప్పటికే చట్టంలో ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తాయి. రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను 5,000 అయితే 400 రూపాయలు లైబ్రరీ పేరు మీద మీరు కట్టినట్టే. హైదరాబాదులో ఫ్లాటు కొన్న మనవాళ్ళందరూ ఇది కడుతున్నారు, చాలామందికి తెలియదు. ఈ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకో నగర గ్రంథాలయ సంస్థకో చేరాలి. చేరట్లేదని, వసూలు చేసి అట్టిపెట్టుకుంటున్నారని గ్రంథాలయాల వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. మన జేబులోంచి లైబ్రరీ కోసం తీసుకున్న డబ్బు ఇవ్వకుండా, నిధుల్లేక లైబ్రరీ పాడుబడిందనీ, అందుకే ఆ స్థలంలో దుకాణాలు కట్టాలనీ చెప్తే ఎలా?

ఈసారి పన్ను రసీదు వచ్చినప్పుడు గ్రంథాలయ పన్ను గడిలో ఎంత పడిందో చూడండి. తర్వాత పది రూపాయలు పెట్టి మీ మునిసిపాలిటీకి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. రెండే ప్రశ్నలు: గత అయిదేళ్ళలో ఏ ఏడు ఎంత గ్రంథాలయ పన్ను వసూలు చేశారు, అందులో ఎంత గ్రంథాలయ సంస్థకు జమ చేశారు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. నేను మెదక్‌కి పెడుతున్నాను. మీ ఊరికి మీరు పెట్టండి.