కౌన్సెలర్ గదిలో కాటా ఎందుకు?

మనవాళ్ళకి కౌన్సెలింగ్ అంటే ఇప్పటికీ చిన్నచూపే. "మాకేమన్నా పిచ్చా?" అనేవాళ్ళు డెట్రాయిట్ చుట్టుపక్కల మా తెలుగువాళ్ళలో కొల్లలు. ఆ బెరుకంతా దాటుకుని, ఇన్సూరెన్సు వాళ్ళతో గంటసేపు ఫోన్లో పోట్లాడి, చివరికి ఒక మనిషి ఆ గదిలోకి వెళ్తే, అక్కడ కూడా ముందు ఆ మనిషి ఒళ్ళే కనిపిస్తే ఎలాగండీ? ఏళ్ళ తరబడి ఈ వృత్తిలో ఉన్నదాన్ని. తోటివాళ్ళకి కోపం వచ్చినా సరే, చెప్పేస్తాను: లావుగా ఉన్నవాళ్ళ విషయంలో మా వృత్తి న్యాయంగా లేదు.

ఇది నా ఊహ కాదు. 1985లో లారా యంగ్, బ్రయన్ పావెల్ అనే పరిశోధకులు మానసిక ఆరోగ్యరంగంలో పనిచేసేవాళ్ళకి ఒక స్త్రీ కేసు చదవమని ఇచ్చారు. కథ ఒకటే, ఫొటోలో మనిషీ ఒకరే. ఒళ్ళు మాత్రం కొందరికి మామూలుగా, కొందరికి లావుగా, కొందరికి మరీ లావుగా కనిపించేట్టు ఫొటోని మార్చారు. మరీ లావైన ఫొటో చూసినవాళ్ళకి ఆమె జబ్బు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి! పాత సంగతి అంటారేమో. మన సికింద్రాబాదులో పెరిగిన హార్వర్డ్ ఆచార్యురాలు మహజరీన్ బనాజీ, టెస్సా చార్ల్స్‌వర్త్‌తో కలిసి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. 2007 నుంచి 2016 దాకా అమెరికన్ల మనసు లోపలి పొరల్లో జాతి మీద, ఒంటి రంగు మీద వివక్ష తగ్గుతూ వచ్చింది. లావు మీద మాత్రం తగ్గలేదు.

నా క్లయింట్ల కథలు చెప్పడం ధర్మం కాదు కాబట్టి నాదే చెబుతాను. నాన్నగారు పోయారని కబురొచ్చి, టికెట్ దొరికి, నేను విజయవాడ చేరేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక నెలల తరబడి నిద్ర లేదు. ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. మూడోసారికి ఆవిడ, "కాస్త బరువు తగ్గితే నిద్ర అదే పడుతుంది" అని, రోజూ ఏం తిన్నానో రాసుకోమని ఒక పుస్తకం చేతిలో పెట్టింది. నాన్న చివరిచూపు దక్కని దుఃఖానికి కేలరీల లెక్క!

అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళిలో ఎవరెవరిపట్ల వివక్ష చూపకూడదో పెద్ద జాబితా ఉంది. వయసు, జాతి, మతం, భాష, చివరికి ఇమ్మిగ్రేషన్ హోదా కూడా. బరువు అన్న మాట లేదు. మా మిషిగన్ రాష్ట్రం 1976లోనే బరువు చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని చట్టం చేసింది. కానీ ఆ రక్షణ ఆఫీసు వరకే, కౌన్సెలర్ గడప దాకా రాలేదు. వెయిటింగ్ రూముల్లో ఇరుకిరుకు చేతుల కుర్చీలు చూడండి, ఎవర్ని రమ్మంటున్నారో, ఎవర్ని వద్దంటున్నారో తెలుస్తుంది.

నా అసలు భయం మన ఆడపిల్లల గురించి. లావుగా ఉన్న పదహారేళ్ళ పిల్ల తిండి మానేసి ముప్ఫై పౌన్లు తగ్గిందనుకోండి. గుండె వేగం పడిపోతుంది, నెలసరి ఆగిపోతుంది. ఉగాది ఫంక్షన్లో మన ఆంటీలేమో, "అబ్బ, ఎంత నాజూగ్గా అయ్యావే! మా అమ్మాయికి కూడా చెప్పవే ఆ కిటుకు" అంటారు. సరే, ఆంటీలకి తెలియదు. మరి మా పుస్తకాలకి? 1994 డీఎస్ఎం ప్రకారం అనొరెక్సియా అనాలంటే, ఉండాల్సిన బరువులో 85 శాతం కన్నా తగ్గాలని లెక్క చెప్పేవారు. 2013లో ఆ అంకె తీసేశారు కానీ, ఇలాంటి పిల్లకి "అటిపికల్" అనొరెక్సియా అని పేరు పెట్టి ఇంకో అరలో పడేశారు. ఆకలికి మాడే ఒంట్లో టిపికల్ ఏమిటి, అటిపికల్ ఏమిటి? ఎముకలు బయటపడేదాకా ఆగాలా?

"మనవాళ్ళకి షుగర్, బీపీ ఎక్కువ కదా, చెప్పకపోతే ఎలా?" అని అడుగుతారు. నిజమే. అది చూడాల్సింది డాక్టరు, రక్తపరీక్షతో. మనకి సన్నగా ఉన్నా షుగర్ వస్తుంది. అందుకే 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాల వాళ్ళకి బీఎంఐ 23 నుంచే పరీక్ష చెయ్యమంది. అంటే కంటితో చూసి ఆరోగ్యం చెప్పడం మన విషయంలో అసలే కుదరదు. ఇప్పుడు ఒజెంపిక్ లాంటి సూదిమందులొచ్చాక "వేయించుకోకూడదూ?" అన్న ఉచితసలహా ఒకటి తోడైంది, అడిగినా అడక్కపోయినా.

మీ పిల్లకో, మీకో కౌన్సెలర్ని వెతుక్కుంటుంటే మొదటి ఫోన్లోనే అడగండి: "మేము బరువు గురించి రావడం లేదు. మేమెత్తితే తప్ప మీరు ఆ మాట ఎత్తకుండా ఉంటారా?" అని. అవతల నసిగితే పెట్టేసి, లిస్టులో తర్వాతి నంబరుకి చెయ్యండి.