దాచిన రెండేండ్లు

పల్నాటి నుండి సాఫ్టువేరు కొలువులకై హైదరాబాదు చేరు పట్టభద్రులలో కొందఱు, చేయని ఉద్యోగమునకు అనుభవపత్రములు కొనుచున్నారు. నరసరావుపేటలో చదివి, రెండేండ్లు తండ్రితో మిరపచేను చూచినవాడు ఆ రెండేండ్లను దాచి, తానెన్నడును కాలుపెట్టని కంపెనీ పేరు వ్రాసికొనుచున్నాడు. పత్రములమ్మువారిని, అనుభవము లేనివాని ముఖమైనను చూడని యజమానులను మేము ముందుగా నిందింతుము. కాని కొలువు పోగొట్టుకొనువాడు యువకుడే. 2014 నుండి భవిష్యనిధి చందాదారునకు ఒకే సంఖ్య గలదు. చందా కట్టిన సంస్థలన్నియు అందు వరుసగా నుండును. విచారించువారు ఆ చిట్టా చూపుమందురు. 2016లో అవతార్ సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఉద్యోగార్థి యిచ్చు వివరము సత్యమై యుండవలెనని తీర్పు చెప్పెను. అది నేరారోపణలను దాచిన సందర్భము. అచ్చటను యౌవనపు అల్పదోషమును యజమాని మన్నింపవచ్చుననెను.

సేద్యము నేరమైనను కాదే! దాచుట యెందులకు? పిడుగురాళ్ల సున్నపుబట్టీలో పద్దు వ్రాసినవాడు లెక్క తెలిసినవాడు కాడా? యజమానులు ఖాళీ కాలమును చూచినంతనే దరఖాస్తును త్రోసివేయక, అప్పుడేమి చేసితివని యడుగవలెను. కళాశాలలు కడపటి సంవత్సరమున భవిష్యనిధి చిట్టా చదువుటను విద్యార్థులకు నేర్పవలెను.