ఆత్మకి ఆడామగా తేడా లేదు సరే, అప్పు మాత్రం ఆమెదేనా?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి పంజగుట్ట వైపు వెళ్లే దారిలో కంప్యూటర్ కోర్సుల బోర్డులూ, లేడీస్ హాస్టళ్ల బోర్డులూ ఎన్ని ఉంటాయో నగరంలో అందరికీ తెలుసు. వాటి మధ్యే ఇరుక్కుని ఇంకోరకం బోర్డులు కూడా ఉంటాయి: ధ్యానం, ఆరా హీలింగ్, పూర్వజన్మ దర్శనం. చాలా ఏళ్లు వాటిని చూస్తూ దాటిపోయాను. కిందటేడు మా పక్క ఫ్లాటులో ఉండే ఆవిడ నన్ను అలాంటి ఒక క్లాసుకి తీసుకెళ్లింది.

ఆమెని పదేళ్లుగా ఎరుగుదును. భర్త ఆమె మీద చెయ్యి చేసుకుంటాడని కూడా దాదాపు అన్నేళ్లుగానే తెలుసు. ఎన్నోసార్లు మాట్లాడుకున్నాక, ఒక మధ్యాహ్నం మా ఇంట్లోనే కూర్చుని ఫిర్యాదు రాసింది. తేదీలతో సహా, సొంత దస్తూరీతో నాలుగు పేజీలు. రెండు వారాల తర్వాత అదేమయిందని అడిగితే, "బీరువాలో చీరల కింద పెట్టానక్కా" అంది. కాసేపాగి చెప్పింది: "పోయిన జన్మలో నేను మగాణ్ణట. ఆయన నా భార్యట. అప్పుడు నేను పెట్టిన బాధలే ఇప్పుడు తిరిగొస్తున్నాయట. ఓర్చుకుంటే ఈ జన్మతో బాకీ తీరిపోతుందట."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే క్లాసుకి వెళ్లాను. అక్కడ ఓ పాతికముప్ఫై మంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఒక గంటసేపు ఎవరూ వాళ్లని కాఫీ అడగలేదు, రిమోట్ ఎక్కడుందని అడగలేదు. అందరూ ఒకరినొకరు "మాస్టర్" అని పిలుచుకున్నారు. ఇంట్లో పేరు పెట్టి పిలిచే దిక్కు కూడా లేని గృహిణికి ఆ పిలుపులో ఎంత గౌరవం దొరుకుతుందో అర్థమయింది. అందుకే దీన్ని మూఢనమ్మకమని నవ్వి కొట్టిపారేసే హేతువాద మిత్రులతో నేను ఏకీభవించలేకపోతున్నాను. అలాగని ఊరుకోనూ లేను. ఆ గంట విశ్రాంతితో పాటు ఆమెకి ఒక అప్పుల చిట్టా కూడా ఇచ్చి పంపుతున్నారు కదా!

ఆ హాల్లో వినిపించిన మాటలు మన ఋషుల నుంచి నేరుగా వచ్చినవని అక్కడున్న అందరి నమ్మకం. జన్మలూ కర్మా మనవే. కానీ మాస్టర్లు, రంగుల ఆరా, ఆకాశిక్ రికార్డులు అంటూ ఇప్పుడు అమ్ముడుపోతున్న రూపం మాత్రం చాలావరకు దివ్యజ్ఞాన సమాజం ద్వారా తయారయింది. రష్యాలో పుట్టిన హెలెనా బ్లావట్‌స్కీ, అమెరికన్ కర్నల్ ఆల్కాట్ మరికొందరితో కలిసి 1875లో న్యూయార్క్‌లో దాన్ని స్థాపించారు. 1882లో కేంద్రం మద్రాసు పక్కనున్న అడయారుకి మారింది. మనిషి చుట్టూ ఉండే ఆరాకి రంగుల బొమ్మలు వేయించి పుస్తకం తెచ్చింది ఇంగ్లండు చర్చిలో ఫాదరీగా పనిచేసి వచ్చిన లెడ్‌బీటర్, 1902లో. చక్రాల మీద ఆయన పుస్తకం 1927లో వచ్చింది. మన సరుకే సముద్రాలు దాటి, రంగు మార్చుకుని మళ్లీ మన వీధిలోకి వచ్చింది.

ఈ సమాజానికి స్త్రీలుగా మనం బాకీ లేమని అనడం అన్యాయం. జాతి, మత, లింగ, కుల, వర్ణ భేదాలు లేని మానవ సౌభ్రాతృత్వం దాని మొదటి ఆశయం. లింగభేదం లేదంటూనే దానికి 'సోదరుల' పేరే పెట్టారనేది వేరే సంగతి. 1917లో అడయారులోనే మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస వంటి వారి చొరవతో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనిబిసెంటు అధ్యక్షురాలు. ఆ ఏడాది డిసెంబరులోనే స్త్రీలకి ఓటు హక్కు కావాలని మద్రాసులో మాంటేగుని కలిసిన బృందానికి మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీనాయుడు నాయకత్వం వహించింది. 1921లో బ్రిటిషిండియా రాష్ట్రాల్లో మొట్టమొదట మద్రాసు స్త్రీలకి ఓటు ఇచ్చింది. ఆస్తిపాస్తుల షరతులు ఉన్నా, కోస్తా, రాయలసీమ జిల్లాల స్త్రీలు కొందరు ఆ విధంగానే తొలిసారి ఓటర్లయ్యారు.

మరి ఇబ్బంది ఎక్కడుంది? ఈ స్త్రీల మాటకి అధికారం ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. బ్లావట్‌స్కీ వేల పేజీలు రాసింది. కానీ తన జ్ఞానం తనది కాదని, మోర్య, కుథుమి అనే మహాత్ములదని చెప్పుకుంది. ఆ మహాత్ములు మగవాళ్లు. ఎవరికీ సులభంగా కనబడరు. స్త్రీ గురుపీఠం మీద కూర్చోవచ్చు, లోకమంతా వినేట్టు మాట్లాడవచ్చు, అయితే ఆ మాట ఒక పురుషుడిదై ఉండాలి. ఆ రాజీ ఆ కాలంలో ఆమెకి తలుపులు తెరిచి ఉండవచ్చు. కానీ సొంత అనుభవాన్ని సాక్ష్యంగా నిలబెట్టే హక్కుని అది ఆమెనుంచి తీసేసుకుంది.

అనిబిసెంటు జీవితంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. క్రైస్తవ ఫాదరీ అయిన భర్త నుంచి 1873లో విడిపోయి, నాస్తికురాలై, 1877లో బ్రాడ్‌లాతో కలిసి సంతాన నిరోధం గురించిన పుస్తకం ప్రచురించి కోర్టు బోనెక్కింది. ఆ కారణంతోనూ, నాస్తికత్వం కారణంతోనూ 1878లో కోర్టు ఆమె కూతురు మేబెల్‌ని ఆమెకి కాకుండా చేసింది. 1888లో లండను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల సమ్మెకి అండగా నిలిచింది. 1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. 1891లో సంతాన నిరోధంపై తాను స్వయంగా రాసిన పుస్తకాన్నే అమ్మకం నుంచి వెనక్కి తీసుకుంది. దంపతులకి ఆత్మనిగ్రహమే మార్గమంది. కన్నకూతుర్ని పోగొట్టుకుని మరీ నిలబెట్టుకున్న మాట అది! ఏటేటా కాన్పులతో నలిగిపోయే కార్మిక స్త్రీకి ఆత్మనిగ్రహం ఎవరి చేతుల్లో ఉంటుందో ఆమెకి తెలియనిది కాదు.

మన మదనపల్లె కథ కూడా ఇందులో ఉంది. తల్లి సంజీవమ్మ 1905లో చనిపోయిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారులో లెడ్‌బీటర్ చూసి, రాబోయే జగద్గురువుకి వాహనమవుతాడని ప్రకటించాడు. తండ్రి నారాయణయ్య తన ఇద్దరు కొడుకుల కోసం అనిబిసెంటు మీద దావా వేశాడు. మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పిచ్చింది. 1914లో లండను ప్రీవీకౌన్సిలు దాన్ని కొట్టేసింది. బిడ్డని పోగొట్టుకున్న తల్లే మరొకరి బిడ్డల కోసం కోర్టుకెక్కవలసి వచ్చింది. చివరికి 1929లో కృష్ణమూర్తి తనకోసం కట్టిన సంఘాన్ని తానే రద్దుచేశాడు. ఎవరో రాసిపెట్టిన పాత్ర నాది కాదని అనవచ్చునని చూపించాడు. మా పక్కింటావిడకి క్లాసులో చెప్పవలసిన కథ ఇదే. చెప్పరు.

ఇక కర్మ సంగతి. మా అమ్మమ్మ కూడా "నా ఖర్మ" అని నుదురు కొట్టుకునేది. కానీ ఆ మాటలో ఒక నిట్టూర్పూ, రాసిన దేవుడి మీద ఒక తిట్టూ ఉండేవి. తప్పు తనదని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఇప్పటి కర్మ అలాంటిది కాదు. అది లెక్కల పుస్తకం. ఏ జన్మలో ఎవరిని కొట్టావో కళ్లు మూయించి చూపిస్తుంది. పుట్టకముందే ఈ భర్తని నువ్వే ఎంచుకున్నావని చెబుతుంది. ఆత్మ ఒక జన్మలో మగవాడిగా, ఒక జన్మలో ఆడదిగా పుడుతుందన్న భావన నిజానికి ఎంత విప్లవాత్మకంగా ఉండాలి! ఆడతనం శాశ్వతం కాకపోతే ఆడదాని బానిసత్వానికి ఆధారమే లేదు. దాన్నే తిప్పేసి, మగవాడిగా చేసిన నేరానికి ఆడదిగా శిక్ష అనుభవించమంటున్నారు. మరి ఈ జన్మలో కొడుతున్న చెయ్యి సంగతో? అతని బాకీ ఎప్పుడు వసూలవుతుంది? అతన్ని కూర్చోబెట్టి చూపించే క్లాసేదీ ఆ హాల్లో జరగదు.

నేను ఆమెని నమ్మకం వదులుకొమ్మని అడగలేదు. ఆల్కాట్ కర్మని నమ్మినవాడే. అయినా 1894లో మద్రాసులో పంచముల పిల్లలకి ఉచిత పాఠశాల పెట్టాడు. వాళ్ల కర్మ వాళ్లు అనుభవిస్తున్నారులే అని ఊరుకోలేదు. మార్గరెట్ కజిన్స్ కర్మని నమ్ముతూనే ఓటు అడిగింది. నమ్మినవాళ్లకి ఇది సాధ్యమే. ఆమెని ఒక్కటే అడిగాను: "ఓర్చుకోవడమే నీ కర్మ అయితే, ఆ నాలుగు పేజీలు రాయడం కూడా నీ కర్మే ఎందుకు కాకూడదు?"

గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కలిసి కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు దాని 17వ సెక్షను ఆమెకి ఇస్తుంది. రక్షణాధికారి ద్వారా గానీ నేరుగా గానీ మెజిస్ట్రేటుకి దరఖాస్తు చేసుకోవచ్చు. 1983 నాటి 498ఎ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను ఉంది. ఈ చట్టాల అమలులో లోపాలు మనకి తెలియనివి కావు. అయినా ఏ కోర్టూ ఆమె పోయిన జన్మ రికార్డు అడగదు.

క్లాసులు నడిపేవారికి నాదొక విన్నపం. మీ దగ్గరికొచ్చిన స్త్రీ ఒంటి మీద దెబ్బలుంటే ఆమె పూర్వజన్మ జోలికి పోకండి. మీ గోడ మీద మాస్టర్ల పటాల పక్కన 181 నంబరు రాసి పెట్టండి.

మనకీ ఒక ప్రశ్న ఉంది. ఆ క్లాసు ఉదయం పదకొండింటికి, పిల్లలు బడికీ మగవాళ్లు ఆఫీసుకీ వెళ్లాక జరుగుతుంది. మన సమావేశాలు సాయంత్రం ఆరింటికి, ఆమె కుక్కరు పెట్టే వేళకి జరుగుతాయి. ఆమె ఎక్కడికి వెళుతుంది? ఒక గంట నిశ్శబ్దం, వినే మనుషులు, గౌరవంగా ఒక పిలుపు - అప్పుల చిట్టా లేకుండా ఇవన్నీ మనం ఇవ్వగలమా? ఇవ్వలేకపోతే ఆ బోర్డుల్ని తిట్టే అర్హత మనకి ఎక్కడిది?

ఆమె ఇప్పటికీ క్లాసుకి వెళుతోంది. ఫిర్యాదు ఇంకా ఇవ్వలేదు. కానీ పోయిన నెల అమీర్‌పేటలో ఆ నాలుగు పేజీలకీ రెండు జెరాక్సు కాపీలు తీయించుకుని వచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది. "మీ దగ్గర ఉండనీ అక్కా, అవసరం పడుతుంది" అంది.