ఐరన్ మాత్ర సరే... ఇంట్లో పొగ సంగతేంటి?

2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం గర్భిణులకు పోషకాహార కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రక్తహీనత ఎక్కువని ముందుగా ఎంచుకున్న తొమ్మిది జిల్లాల్లో నాగర్‌కర్నూల్, గద్వాల ఉన్నాయి. రెండూ పాత పాలమూరు ముక్కలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రం మొత్తం మీద గర్భిణుల్లో నూటికి 53 మందికి రక్తం తక్కువని తేలింది. అప్పటికే 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. ఐరన్ మాత్రలూ ఇస్తున్నారు. మరి ఆ ఇనుమంతా ఏమైనట్టు?

వికారమని మాత్ర పక్కన పెట్టేయడం, తిన్న వెంటనే చాయ్ తాగడం... ఈ కారణాలు అందరూ చెప్పేవే. ఇంట్లో బీడీ ఎవరు తాగుతారని మాత్రం అంతగా అడగరు.

'మేం తాగం కదమ్మా' అంటారు నల్లగొండ, పాలమూరు ఆడవాళ్లు. నిజమే, బీడీ ఎక్కువగా మగవాళ్ల చేతిలోనే. కానీ ఆకువక్కలో తంబాకు వేసుకునే వాళ్లున్నారు. పక్కవాడి పొగ పీల్చేవాళ్లు ఇంకా ఎక్కువ.

గర్భిణికి తొమ్మిది నెలల్లో కావలసిన ఇనుము దాదాపు 1 గ్రాము. పేగుల్లోంచి రక్తంలోకి వచ్చిన ఇనుమును ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రొటీను మోసుకెళ్లి మాయకు అందిస్తుంది, మాయ బిడ్డకిస్తుంది. పొగాకులో ఉండే కాడ్మియం ఈ దారిలోనే చొరబడుతుంది. ఒంట్లో ఇనుము తగ్గితే పేగులు దాని కోసం తలుపులు బార్లా తెరుస్తాయి. తంబాకు నమిలితే ఆ తలుపులోంచే కాడ్మియమూ దూరి, చివరికి మాయలో పేరుకుంటుంది. అంటే రక్తం తక్కువున్న తల్లికే చేటు ఎక్కువన్నమాట!

పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ది మరో తీరు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఆ లోటు పూడ్చుకోడానికి ఒళ్లు హిమోగ్లోబిన్‌ను పెంచుకుంటుంది. అందుకే పొగ తాగేవాళ్లకు పరీక్షలో అంకె బాగానే కనబడి మోసం చేస్తుంది. దానిలోంచి కొంత తీసేసి లెక్కచూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. కాబట్టి రక్తపరీక్షప్పుడు బీడీ, తంబాకు అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పాలి.

కట్టెల పొయ్యి పొగలోనూ ఇదే విషవాయువు ఉంటుంది. తప్పంతా మగవాడిదే అనలేం. కానీ గ్యాస్ బండకు డబ్బు కావాలి, బీడీ ఆర్పడానికి పైసా ఖర్చు లేదు. 2008 అక్టోబర్ 2 నుంచి బస్టాండులో కాలిస్తే జరిమానా. గర్భిణి పడుకునే గదికి ఆ చట్టం వర్తించదు. అక్కడ చెప్పాల్సింది అత్తమ్మే. కోడలి మాట కొట్టేసే కొడుకు తల్లి మాట కాస్తయినా వింటాడు. నాలుగో నెల నుంచి 180 రోజులు మాత్ర మింగమంటున్నారు ఆమెను. ఆ 180 రోజులూ బీడీ ముట్టొద్దని ఆశా కార్యకర్త ఆయన్నీ కూచోబెట్టి చెబితే బాగుంటుంది.