అబద్ధపు అర్థాల ఆట

పిల్లలూ! ఈ నెల మీకొక ఆట చెబుతాను. ఇందులో ఎవరు బాగా అబద్ధమాడితే వారికే మార్కులు! "పంతులై ఉండి పిల్లలకు అబద్ధాలు నేర్పుతారా?" అని మీ పెద్దలు అడగవచ్చు. చివరిదాకా చదివి, ఆ తరవాత నన్ను కోప్పడమనండి.

ఈ ఆటకు ఒక నిఘంటువు, కొన్ని చీటీలు, తలా ఒక పెన్సిలు కావాలి. అయిదారుగురు కూర్చోండి. ఒకరు నిఘంటువు పట్టుకుని, ఎవరికీ తెలియని మాట ఒకటి ఏరి పైకి చదవాలి. తక్కినవారు ఆ మాటకు నిజమనిపించే అర్థం కల్పించి, చీటీ మీద రాసి ఇవ్వాలి. నిఘంటువు పట్టుకున్నవారు అసలు అర్థాన్ని కూడా ఒక చీటీ మీద రాసి, అన్నిటినీ కలిపి, నవ్వకుండా, ఒకే గొంతుతో చదవాలి. అసలు అర్థాన్ని గుర్తించినవారికి ఒక మార్కు. మీరు కల్పించిన అర్థాన్ని ఎంతమంది నమ్మితే మీకు అన్ని మార్కులు. తరవాత నిఘంటువు పక్కవారి చేతికి పోతుంది.

ఉదాహరణకు 'ఎలనాగ' అనే మాట చూడండి. పాముపిల్లా? ఎలుకల బోనా? పడుచా? "నాగ అని ఉన్నది కదా, పామే!" అంటారు కొందరు. 'ఎల' అంటే లేత అని తెలిసినవారు మరీ ధైర్యంగా "పాముపిల్ల" అంటారు. కాని ఎలనాగ అంటే పడుచు! సగం తెలిసినవారే ముందు మోసపోయారు, చూశారా?

ఇప్పుడు 'మిన్నేరు'. మీసాలు లేని చేపా? మినుములు ఆరబోసే చాపా? ఆకాశగంగా? మిన్ను అంటే ఆకాశం, ఏరు అంటే నది. కనక ఆకాశగంగే. ఇక్కడ మాటను విడదీస్తే నిజం దొరికింది. అంటే, విడదీసి ఊహించటం మంచిదే. ఊహించిన తరవాత నిఘంటువు తెరిచి చూసుకోవటం ఇంకా మంచిది.

మరి నిఘంటువులోనే తప్పు ఉంటే? అదీ జరిగింది! అమెరికాలో 1934లో అచ్చయిన వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో 'డార్డ్' అనే మాట ఉండేది. దానికి అర్థం సాంద్రత అని రాశారు. నిజానికి అలాంటి మాటే లేదు! 'సాంద్రత' అనే మాటకు గుర్తుగా పెద్ద 'డి' గాని, చిన్న 'డి' గాని వాడవచ్చునని 1931లో ఒక చీటీ రాశారు. ఇంగ్లీషులో 'గాని' అనటానికి 'ఆర్' అంటారు. ఆ 'డి ఆర్ డి' అక్షరాలన్నీ కలిసిపోయి 'డార్డ్' అయి కూర్చున్నది! అచ్చులో ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? 1939లో ఒక సంపాదకుడు, "ఈ మాట ఏ మాటలోనుంచి పుట్టిందో రాయలేదే!" అని ఆరా తీస్తే గుట్టు బయటపడింది. 1947లో దాన్ని తీసివేశారు.

అయిదేళ్లపాటు ఎవరికీ తోచని ప్రశ్న అది: "ఇది ఎక్కడినుంచి వచ్చింది?" ఈ ఆట మీకు నేర్పేది ఆ ప్రశ్నే. అబద్ధానికి నిజం వేషం ఎలా వేస్తారో తమ చేతులతో వేసి చూసినవారు, ఆ వేషాన్ని సులభంగా గుర్తుపడతారు. రేపు ఎవరైనా గంభీరంగా ఏదైనా చెప్పినా, ఇంట్లో ఫోనుకు ఏ వింత వార్త వచ్చినా, "ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అని అడగండి. పెద్దలారా, ఇప్పుడు చెప్పండి, నన్ను కోప్పడతారా?

ఒక్క హెచ్చరిక. ఆట ముగిశాక అసలు అర్థాలను అందరూ మరొకసారి పైకి చదవండి. లేకపోతే అబద్ధమే మనసులో ఉండిపోతుంది!

ఇక మీ వంతు. కింది మాటలకు అసలు అర్థాలు ఏవి?

1. పులుగు: (అ) పులి అడుగుజాడ (ఆ) పక్షి (ఇ) పుల్లని పచ్చడి
2. మొయిలు: (అ) మోతకూలి (ఆ) మొండికత్తి (ఇ) మేఘం
3. ఇఱ్ఱి: (అ) జింక (ఆ) ఇరుకు సందు (ఇ) విరిగిన ఇటుక

జవాబులు: 1. ఆ, 2. ఇ, 3. అ. నా మాట కూడా ఊరికే నమ్మకండి. నిఘంటువు తెరిచి చూడండి!