మంచుకొండలకు పిల్లలతో: ఏ పాసు, ఏ ఊరు?

ఉద్యోగరీత్యా జర్మనీ, స్విట్జర్లాండు, ఆస్ట్రియా దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో డిసెంబరు మాసం రాగానే పిల్లల నోట ఒకే ప్రశ్న వినవస్తుంది. తరగతిలోని వారంతా ఆల్ప్స్ పర్వతాలకు స్కీయింగుకు వెళ్తున్నారు, మనమెప్పుడు వెళ్తామని. ఈ కోరిక సహజమైనదే. అయితే నలుగురున్న కుటుంబానికి బస, సామగ్రి అద్దె, శిక్షణ రుసుము, లిఫ్టు పాసు అన్నీ కలిపి చూసుకుంటే వారం రోజులకే నెల జీతంలో పెద్ద భాగం కరిగిపోతుంది. అంత వెచ్చించి వెళ్లిన తరువాత రెండవనాడే బిడ్డ చలికి తాళలేక గదిలో కూర్చుంటే, తల్లి కాపలాగా మిగిలిపోతే, ఆ ప్రయాణం ఎవరికీ సంతోషం కలిగించదు. కనుక బయలుదేరక ముందే ఆలోచించుకోవలసిన కొన్ని సంగతులను ఈ మాసం పాఠకుల ముందుంచుతున్నాము.

ముందుగా పాసు అంటే ఏమిటో చూద్దాము. కొండ దిగడానికి రుసుము లేదు, లిఫ్టులో పైకి ఎక్కడానికే రుసుము. జేబులోని చిప్పు కార్డును ద్వారం వద్దనున్న యంత్రం గుర్తించి దారి ఇస్తుంది. ఆ కార్డు ఎంత విశాలమైన ప్రాంతానికి చెల్లితే దాని వెల సాధారణంగా అంత ఎక్కువ. ఇటలీలోని డోలమిటి సూపర్‌స్కీ పాసుతో 12 ప్రాంతాలలో సుమారు 1,200 కిలోమీటర్ల మంచుబాటలపై తిరగవచ్చు. ఫ్రాన్సులోని త్రోవా వాలే ప్రాంతంలో ఒకదానితో ఒకటి కలిసిన బాటలే దాదాపు 600 కిలోమీటర్లు. ఈ అంకెలు ఎవరినైనా ఆకర్షిస్తాయి. కాని కొత్తగా నేర్చుకొనేవారు మొదటి రెండు మూడు రోజులు వంద, రెండు వందల మీటర్ల వాలు దాటి వెళ్లలేరు. వారికి పెద్ద పాసు కొనిపెట్టడం విందుకు డబ్బు కట్టి మంచినీళ్లు తాగి రావడం వంటిది.

కావున మెట్టు మెట్టుగా కొనడమే ఉచితం. చాలా గ్రామాలలో శిక్షణ కోసం ప్రత్యేకమైన వాలు ఉంటుంది. అక్కడ పిల్లలు కదిలే పట్టీపై నిలబడి పైకి చేరుతారు. దానిని మాయా తివాచీ అని పిలుస్తారు. ఇటువంటి చోట్ల కొన్ని లిఫ్టులు ఉచితం, మరికొన్నింటికి చౌకైన ప్రత్యేక టికెట్టు దొరుకుతుంది. శిక్షకుడు "ఇక పైకి వెళ్లవచ్చు" అన్న తరువాతనే ఆ ఊరి పాసు కొనవచ్చు. పెద్ద ప్రాంతాలలోనూ ఎంపిక ఉన్నది: త్రోవా వాలేలో మెరిబెల్ లోయకో, కూర్షెవెల్ లోయకో మాత్రమే చెల్లే పాసులు ఉన్నాయి. జెర్మాట్‌లో సరిహద్దు దాటి ఇటలీవైపు వెళ్లే పాసు వేరు, స్విస్ వైపుకే పరిమితమైనది వేరు.

వెల విషయంలో మూడు అంశాలు గమనించాలి. మొదటిది, పిల్లల వయోపరిమితి. ఒకచోట ఐదేళ్ల లోపు వారికి ఉచితమైతే మరొకచోట పరిమితి వేరుగా ఉంటుంది. ఆస్ట్రియాలో తరచుగా పుట్టిన సంవత్సరాన్నే లెక్కిస్తారు. వయసు రుజువు వెంట ఉంచుకోవలెను. రెండవది, కొనే సమయం. విమానం టికెట్ల వలె గిరాకీని బట్టి వెల మారే పద్ధతి అనేక చోట్ల వచ్చినది. ముందుగా కొంటే తగ్గుతుంది, కాని రద్దు చేసుకుంటే సొమ్ము తిరిగి వస్తుందో లేదో చదివి తెలుసుకోవాలి. మూడవది, వెళ్లే వారం. ఫ్రాన్సులో ఫిబ్రవరి, మార్చి నెలలలో మూడు మండలాలకు వేర్వేరు వారాలలో బడి సెలవులు వస్తాయి. ఆ దినాలలో వరుసలు పొడవు, అద్దెలు అధికం. బడికి వెళ్లని పసివారున్న కుటుంబానికి జనవరి మధ్య వారాలు మేలు. స్విట్జర్లాండులో ఉంటూ తరచుగా వెళ్లేవారు 2017లో ప్రారంభమైన మ్యాజిక్ పాస్ వంటి ఉమ్మడి సీజను పాసులను పరిశీలించవచ్చు.

ఇక ఊరి ఎంపిక. పసివారితో వెళ్లేవారికి కార్లు తిరగని ఊరు గొప్ప వరం. ఆస్ట్రియాలోని టిరోల్‌లో సెర్ఫౌస్ అనే గ్రామంలో వాహనాల రద్దీ తగ్గించడానికి 1985లో భూగర్భ రైలు ఏర్పాటు చేశారు. ఊరి మొదట నుంచి లిఫ్టు వరకు అది తీసుకుపోతుంది. స్విట్జర్లాండులోని వెంగెన్‌కు లౌటర్‌బ్రున్నెన్ నుంచి పళ్లచక్రాల రైలులోనే చేరాలి. నేర్చుకొనే వాలు ఊరి నడుమనే ఉన్నది. ఫ్రాన్సులోని అవోరియాజ్‌లోనూ వీధుల్లో కార్లు ఉండవు. 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచిన ఆనీ ఫమోజ్ నెలకొల్పిన పిల్లల శిక్షణా కేంద్రం అక్కడే ఉన్నది. ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. 2,300 మీటర్ల ఎత్తున ఉన్న వాల్ తోరెన్స్‌లో మంచు దొరకడం దాదాపు ఖాయం, కాని చలీ, గాలీ పసివారికి కఠినం. తక్కువ ఎత్తులోని ఊళ్లు చౌక, కాని వెచ్చని శీతకాలంలో మంచు కరవు కావచ్చు.

ఇంట్లో అందరూ స్కీలు తొడగరు. దాదీమా, నానీమాల కోసం పలుచోట్ల నడిచేవారి టికెట్టు దొరుకుతుంది. దానితో గొండోలాలో పైకి వెళ్లి శిఖరాలు చూసి రావచ్చు. తల్లిదండ్రులు వంతులవారీగా బిడ్డను చూసుకొనేందుకు ఇద్దరికీ చెల్లే ఒకే పాసును కొన్ని ప్రాంతాలు ఇస్తాయి. ఈ సౌకర్యాన్ని తండ్రులు ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవలెనని మా మనవి. సంచులు, చేతితొడుగులు పట్టుకొని క్రింద కూర్చోవడమే తల్లి వంతు కారాదు. స్కీయింగు దుస్తులు వదులైనవి, నిండైనవి. శిరస్త్రాణం క్రింద పలుచని వస్త్రం ఇమిడిపోతుంది. దుస్తుల కారణంగా ఆమె వెనుకాడవలసిన అవసరం లేదు.

రక్షణ విషయంలో పొదుపు పనికిరాదు. ఫ్రాన్సులో మంచుబాటపై గాయపడినవారిని క్రిందికి చేర్చిన ఖర్చు వారే భరించాలి. పాసుతోపాటు రోజుకు కొద్ది యూరోలకు బీమా కొనవచ్చు. ఇటలీలో ఇతరులకు కలిగే నష్టానికి బీమా 2022 నుంచి తప్పనిసరి. చిన్నారులతో మొదలైన శిరస్త్రాణ నిబంధన ఇప్పుడు పెద్దలకూ వర్తిస్తున్నది. బాటల రంగులను పిల్లలకు నేర్పండి: నీలం సులువు, ఎరుపు మధ్యమం, నలుపు కఠినం. ఫ్రాన్సులో అన్నింటికంటే తేలికైనది ఆకుపచ్చ. వెనుక నుంచి వచ్చేవారే ముందున్నవారిని తప్పించుకొని పోవాలన్నది అంతర్జాతీయ నియమం.

భోజనం వద్ద అడిగి తినడం మంచిది. స్విస్ ఫాండ్యూలో జున్నుతోపాటు సాధారణంగా తెల్ల ద్రాక్షసారా కలుపుతారు. బంగాళాదుంపల రోస్టీలోను, టిరోల్ ఉండలలోను తరచుగా పంది మాంసం ముక్కలు ఉంటాయి. యాగర్‌టీ పేరుకు టీ అయినా అందులో రమ్ము ఉంటుంది. పిల్లల కోసం చేసే కిండర్‌పున్ష్‌లో మద్యం ఉండదు. వంటగది ఉన్న బస తీసుకుంటే ఈ చింత చాలావరకు తీరుతుంది, ఖర్చూ తగ్గుతుంది. డిసెంబరులో పగలు చిన్నది. జుహర్, అస్ర్ నమాజుల నడుమ వ్యవధి స్వల్పం, లిఫ్టులు సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ఆగిపోతాయి. మధ్యాహ్న విరామాన్ని ఆ వేళలకు అనుగుణంగా ముందే నిర్ణయించుకోండి.

బస ఖరారు చేయక ముందు కుటుంబమంతా ఒకచోట కూర్చొని, ఎవరు నేర్చుకుంటారు, ఎన్ని గంటలు, నేర్చుకోనివారు ఆ పగలంతా ఎక్కడ ఉంటారు అన్నవి కాగితంపై వ్రాసుకోండి. ఆ కాగితాన్ని చూసి ఊరిని, ఊరిని చూసి పాసును ఎంచుకోండి.