ఎనిమిదో నెల బిడ్డ

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందనీ, ఎనిమిదో నెలలో పుడితే దక్కదనీ మన పెద్దవాళ్లు అంటూ వుంటారు. మా చిత్తూరు సీమలో ఈ మాట చెవిన పడని ఇల్లు వుండదనుకుంటాను. ఇది మన అవ్వలు మాత్రమే కల్పించిన మాట అనుకునేరు! గ్రీకు దేశంలో హిపోక్రటీసు పేరుతో చలామణీ అయిన వైద్య గ్రంథాల్లో ఎనిమిదో నెల శిశువును గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వుంది. మన సుశ్రుత సంహిత కూడా ఆ నెలలో ఓజస్సు నిలకడగా వుండదనీ, అప్పుడు పుట్టిన బిడ్డ నిలవదనీ చెప్పింది. ఇంతమంది పెద్దలు ఏకమై చెప్పినా సరే, ఆ మాట నిజం కాదు. తల్లి కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఏడో నెల బిడ్డకంటే ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ.

నలుగురు అరుగుమీద కూర్చుని అనుకునే మాటయితే పోనీ అని వూరుకోవచ్చు. కాని ఆ మాటే ఆసుపత్రిలో గాజు తలుపు బయట నిలబడి అన్నప్పుడు దానికి పదును వస్తుంది.

మొన్నీమధ్య మా అక్కయ్య కూతురికి చిత్తూరులో 32వ వారంలోనే నొప్పులు వచ్చాయి. అక్కడి డాక్టరమ్మ వెంటనే ఒక ఇంజెక్షను ఇచ్చి, 108 బండిలో తిరుపతికి పంపింది. డెబ్బై కిలోమీటర్ల దారి. మర్నాడు తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. బరువు 1,420 గ్రాములు. ఏడుపు వినిపించీ వినిపించక ముందే పిల్లను లోపలికి తీసుకుపోయారు. "బాక్సులో పెట్టినారు చిన్నమ్మా" అని చెప్పాడు అల్లుడు. మా వియ్యపురాలు నావైపు చూసి, "ఎనిమిదో నెల గదా వదినా" అని ఆగిపోయింది. ఆ ఆగటంలోనే తీర్పు అంతా వుంది.

ఆ తర్వాత మూడు వారాలు, కాలేజీ అయిపోగానే నా నడక ఆ వార్డు వైపే. పాత చిత్తూరు జిల్లా 2022లో మూడు ముక్కలైనా, జబ్బు చేస్తే ఈ చుట్టుపక్కల అందరి దారీ తిరుపతికే గదా. రుయా ఆసుపత్రి అయితేనేం, ప్రసూతి ఆసుపత్రి అయితేనేం, ప్రయివేటు నర్సింగ్ హోము అయితేనేం, ఆ వసారాలన్నీ ఒక్కలాగే వుంటాయి. చాపలు, టిఫిను క్యారియర్లు, ఫ్లాస్కులు, గోడకు ఆనుకుని కూర్చున్న నాన్నలు. పలమనేరు వాళ్లు, పుంగనూరు వాళ్లు, శ్రీకాళహస్తి వాళ్లు ఒకరి పేరు ఒకరు అడగరు. మగా ఆడా అనైనా అడగరు. "మీది ఎన్ని గ్రాములు?" అని అడుగుతారు. నిన్నటికంటే ఇరవై గ్రాములు పెరిగిందంటే ఆ తండ్రి ముఖం చూడాలి, కొడుక్కు ఎంసెట్టులో ర్యాంకు వచ్చినంత సంబరం! మొదటి వారంలో మా పిల్ల బరువు పెరగకపోగా తగ్గింది. నెలలు నిండని బిడ్డలు మొదట్లో కొంత తగ్గటం మామూలేనని నర్సు చెప్పినా, ఆ పూట మాలో ఎవరికీ అన్నం దిగలేదు.

అందరి కథా సుఖాంతం కాదు. నాలుగో రోజు పొద్దున మా పక్క చాప ఖాళీగా కనిపించింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ వసారాలో నాకు బాధ కలిగించిన సంగతి ఇంకొకటి వుంది. లోపల బిడ్డ ప్రాణంతో పెనుగులాడుతుంటే బయట తల్లిని విచారణ చేస్తూ వుంటారు. బొప్పాయి తిన్నావా, గ్రహణంనాడు బయటికి వచ్చావా, స్కూటరెక్కావా అని. రక్తపు పోటు, అంటుదోషాలు, కవలలు, ఇలా కారణాలు కొన్ని వుంటాయి. ఎన్నో కాన్పుల్లో కారణం ఏమిటో వైద్యులకే తెలియదు. వైద్యులకు తెలియనిది వచ్చిపోయే చుట్టాలకు తెలిసిపోతూ వుండటమే విచిత్రం.

అసలు ఈ "బాక్సు" కథ ఏమిటో చూద్దాం. 1880లో పారిస్ నగరంలో స్టెఫాన్ టార్నియే అనే ప్రసూతి వైద్యుడు జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే పెట్టెను చూసి, అలాంటిదే నెలలు నిండని పసికందులకు చేయించాడు. ఆయన శిష్యుడు బ్యూడాన్ మరికొంత ముందుకు పోయి ఒక సంగతి గమనించాడు. పెట్టెలో పెట్టిన బిడ్డకు దూరమైన తల్లికి ఆ బిడ్డమీద మనసు క్రమంగా తప్పిపోతున్నదని. అంచేత తల్లులు దగ్గరుండి చూడాలని, పాలివ్వాలని పట్టుపట్టాడు. లోకం పెట్టెను తీసుకుంది గాని ఆ మాటను తీసుకోలేదు. అమెరికాలో కోనీ ఐలండ్ అనే వినోదస్థలంలో 1903 నుంచి 1943 దాకా పసికందులను పెట్టెల్లో పెట్టి, టిక్కెట్టు కొన్నవాళ్లకు చూపించారు. మన గంగజాతరలో రంగులరాట్నం పక్కన అలాంటి కొట్టు వున్నదనుకోండి! అయితే ఆ టిక్కెట్ల డబ్బుతోనే బిడ్డలను సాకారు, తల్లిదండ్రుల దగ్గర కాసు పుచ్చుకోలేదు. పెద్ద ఆసుపత్రులు వదిలేసిన బిడ్డలు ఎందరో అక్కడ బతికి బయటపడ్డారు. అంచేత దాన్ని పూర్తిగా తిట్టటానికీ మనసొప్పదు.

పెట్టె వున్నా వూపిరి అందాలి గదా. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కొడుకు పుట్టాడు, అయిదున్నర వారాలు ముందుగా. బరువు రెండు కిలోల పైమాటే. అంతటివాడి బిడ్డ కూడా 39 గంటలే బతికాడు. మన అవ్వ అయితే "చూశావా, ఎనిమిదో నెల" అని వుండేది. నెల దోషం కాదది. వూపిరితిత్తుల్లోని గాలిగదులు అతుక్కుపోకుండా చూసే ఒక జిడ్డు పదార్థం ఆ బిడ్డలో ఇంకా తయారు కాలేదు. ఆ సంగతి మేరీ ఎలెన్ ఎవరీ అనే డాక్టరమ్మ 1959లోనే కనిపెట్టింది గాని, మందు అప్పటికి లేదు. తల్లికి ముందుగా ఇంజెక్షను ఇస్తే బిడ్డ వూపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని 1972లో న్యూజిలాండు వైద్యులు లిగిన్స్, హౌవీ చూపించారు. చిత్తూరులో మా అమ్మాయికి ఇచ్చిన ఇంజెక్షను అదే. ఆ నాటి అధ్యక్షుడి భార్యకు దొరకనిది ఈ నాడు చిత్తూరులో మా అమ్మాయికి దొరికింది.

ఇక మా ఇంటి తగవుకు వస్తాను. ఆరో రోజున వియ్యపురాలు, "పదకొండో నాటికి పురిటిస్నానం చేయించాల. కోడల్ని చిత్తూరికి పిలుచుకుపోతాం. బిడ్డను డాక్టర్లు చూసుకుంటారు గదా, పచ్చి బాలెంత ఈ గాలిలో ఎన్నాళ్లుంటుంది?" అన్నది. ఆవిడ మాటలో ప్రేమే వుంది, కాదనను. కాని పాలు పిండి ఇవ్వవలసిన తల్లి డెబ్బై కిలోమీటర్ల అవతల వుంటే ఎలా? నేను ఏదో అనబోయే లోపల నర్సు వచ్చి, "అమ్మా, రేపటినుంచి కంగారూ మొదలుపెట్టాల" అన్నది. "ఇప్పుడుండే కంగారు చాలదా తల్లీ!" అన్నది మా వియ్యపురాలు. వసారా అంతా నవ్వింది. అన్ని రోజుల్లో అక్కడ నవ్వు వినటం అదే మొదలు.

కంగారూ జంతువు పిల్లను సంచిలో మోసినట్లు, బిడ్డను బట్టలు లేకుండా తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా పెట్టి, గుడ్డ చుట్టి కట్టటమే ఆ చికిత్స. 1978లో కొలంబియా దేశపు రాజధాని బొగొటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు దీన్ని మొదలుపెట్టాడు. పెట్టెలు చాలక, ఒక్కొక్కదానిలో ఒకరికి మించి బిడ్డలను పడుకోబెట్టి, ఒకరి రోగం ఒకరికి అంటుతుంటే, వేరే దారి లేక పట్టిన దారి అది. పేదల వైద్యమని చాలామంది చిన్నచూపు చూశారు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో 3,000 మందికి పైగా బిడ్డలమీద పరీక్షించింది. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగింది. తల్లి మంచాన్ని కూడా లోపలే వేసి, పుట్టినప్పటినుంచే రోజుకు సుమారు 17 గంటలు రొమ్మున పెట్టుకుంటే మరణాలు నాలుగోవంతు తగ్గాయని 2021లో తేలింది. 2022లో ఆ సంస్థ దీన్నే చేయమని లోకానికంతటికీ చెప్పింది.

"వదినా, పురుడంటే తల్లీబిడ్డా ఒక గదిలో, నలుగురూ తొంగిచూడకుండా, వెచ్చగా వుండటమే గదా? మన పురిటిగది ఇప్పుడు ఈ తలుపు లోపల వుంది" అన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది నా వాదానికి కాదు, కోడలు భోజనానికి పోయిన గంట సేపు బిడ్డను ఎవరు పెట్టుకుంటారని నర్సు అడిగినప్పుడు. తండ్రి అయినా, నాయనమ్మ అయినా పనికివస్తారట. "నేనా?" అన్నది. చేతులు రెండుసార్లు కడుక్కుని, తాళిబొట్టు వెనక్కి వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఆ అరచేతంత పిల్ల ఆవిడ గుండెమీద గుక్క ఆపి నిద్రపోయింది. పురిటిస్నానం సంగతి ఆవిడ మళ్లీ ఎత్తలేదు. ఎనిమిదో నెల సంగతీ ఎత్తలేదు.

22వ రోజున పిల్లను ఇంటికి పంపారు. ఇంకొక చిక్కు అక్కడ కాచుకుని వుంది. రెండు కిలోలకు తక్కువగానో, 34 వారాలకు ముందుగానో పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోగా కంటి పరీక్ష చేయించాలి. మరీ ముందు పుట్టిన వాళ్లకు ఇంకా త్వరగా చేయించాలి. కంటి లోపలి రక్తనాళాలు వంకరగా పెరిగితే పైకి ఏమీ కనిపించదు. సకాలంలో చూస్తే లేజరుతో కాపాడవచ్చు, కాలం దాటితే చూపు పోవచ్చు. మన ఇళ్లలోనేమో నెల తిరిగేదాకా పసిబిడ్డను గడప దాటించరు. ఇంత దూరం ప్రాణం నిలబెట్టుకువచ్చిన బిడ్డకు ఆ నాలుగు రోజుల ఆనవాయితీవల్ల చీకటి రావటం ఎంత అన్యాయం! డిశ్చార్జి చీటీలో ఆ తేదీ ఇంగ్లీషులో, అడుగున, చిన్న అక్షరాల్లో వుంటుంది. అడిగి తెలుగులో పెద్దగా రాయించుకోండి.

మా చీటీమీద ఆ తేదీని ఎర్ర సిరాతో నేనే రాశాను. 27వ రోజు పొద్దున్నే చిత్తూరునుంచి కారు దిగిన మొదటి మనిషి మా వియ్యపురాలు. పైట లోపల పిల్ల, పైన శాలువ. "కంగారు పడొద్దు వదినా, కంగారూలోనే తెచ్చినా" అన్నది.